రోకలి పడేదాకా

మా ఇంటి రోకలికి ఊళ్లో ఉన్నంత పేరు నాకెప్పుడూ లేదు. చండ్ర కర్ర రోకలి, నా భుజం దాకా ఎత్తు, అడుగున చదునైన ఇనుప పొన్ను. చివ్వెంల పక్కన మా చిన్న ఊళ్లో ఎప్పుడు గ్రహణం వచ్చినా ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి, "మీ రోకలి జర ఇస్తరా?" అని అడిగేవారు. ఆ పేరు దానికి తెచ్చింది నేనే. నా చేతితోనే దాన్ని పోగొట్టాలని తరువాత ఏళ్ల తరబడి పట్టుబట్టాను.

మా దగ్గర గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్లెంలో పసుపు నీళ్లు పోసి, మధ్యలో రోకలిని నిలువుగా నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపే అది నిలుస్తుందని, విడవగానే దానంతట అదే పడిపోతుందని నమ్మకం. గడియారం లేని ఇళ్లకు అదే గడియారం. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే చట్టం కూడా అదే. రోకలి పడేదాకా ఆమె కాళ్లు చాపుకుని వెల్లకిలా పడుకోవాలి. గోక్కోకూడదు, పచ్చి మంచినీళ్లు తాగకూడదు, గడప దాటకూడదు. తప్పితే పుట్టే బిడ్డకు పెదవి చీలి గ్రహణం మొర్రి వస్తుందంటారు.

ఎనభయ్యో సంవత్సరంలో శివరాత్రి వెళ్లిన తరువాతి అమావాస్య నాడు, పట్టపగలు సూర్యుడు పూర్తిగా మూసుకుపోయే గ్రహణం వచ్చింది. నేను మిర్యాలగూడ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. చదివింది మూడో తరగతి. మా పెద్ద తోటికోడలు, అక్కా అని పిలిచేదాన్ని, నెలలు నిండి ఉంది. తొలిచూలు.

మధ్యాహ్నం అన్నాలు ముందే తినేశాం. మిగిలిన వాటి మీద, నీళ్ల కుండల మీద గరిక వేశాం. అత్తమ్మ రోకలి నిలబెట్టింది. మూడుసార్లు ఒరిగింది, నాలుగోసారి నిలిచింది. "పట్టింది" అంది అత్తమ్మ. తలుపు గడియ వేశారు. లోపల మేము ముగ్గురం, అక్కకు తోడు ఉంటానని వచ్చిన ముసలి మంత్రసాని, తలుపు పక్కన గోడకు ఆనుకుని అక్క భర్త అయిన మా బావ, ఆయన పక్కన నా భర్త. 

తలుపు వేసిన కాసేపటికే అక్కకు నొప్పులు మొదలయ్యాయి.

ముందు ఆమె ఎవరికీ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని పిసుకుతుంటే నాకే తెలిసింది. మంత్రసాని అక్క పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. ఆ పక్క, ఈ పక్క మళ్లీ మళ్లీ చూసింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఇది నా చేతులది కాదమ్మా. పేటకు తోల్కపోవాలె" అంది. పేట అంటే సూర్యాపేట. పెద్ద దవాఖాన అక్కడే ఉంది.

"తోల్కపోదం" అంది అత్తమ్మ. "రోకలి పడనియ్యి."

అత్తమ్మ రాతి గుండె మనిషి కాదు. ఆమె మొదటి కాన్పులో పుట్టిన కొడుకుకు మొర్రి. పాలు చీకలేక పదకొండో రోజు పోయాడట. కడుపుతో ఉండగా ఏదో గ్రహణం పూట తాను వంకాయలు కోసినందుకే అట్లా అయిందని ఆమె బతుకంతా నమ్మింది. ఇప్పుడు ఇద్దరినీ చంపుకోవాలని కాదు, ఇద్దరినీ కాపాడుకోవాలనే ఆమె ఆ పళ్లెం ముందు కూర్చుంది.

మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి ఎండ దిగి నేల మీద బిళ్లలు బిళ్లలుగా పడేది. రోజూ ఆ నేల ఊడ్చేదాన్ని నేను కాబట్టి ఏ బిళ్ల ఏ పొద్దుకు ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. ఆ రోజు అక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూస్తే, ఒక్కో బిళ్లను ఎవరో ఒక పక్క కొరికినట్టుంది. ఒకటి కాదు, అన్నీ. అన్నీ ఒకే పక్క. నేను చూస్తుండగానే అవి కొంచెం కొంచెం తరిగి నెలవంకలయ్యాయి. నేలంతా నెలవంకలు. అక్క చీర మీద కూడా రెండు.

తరువాత అవి గోరంత అయ్యాయి, వెంట్రుక అంత అయ్యాయి, లేవు. ఇల్లు చీకటైంది. గంప కింద కోళ్లు సద్దుమణిగాయి. బయట కుక్క ఒకటి సన్నగా ఏడ్చి ఆగిపోయింది. అక్క నా చెయ్యి వదలలేదు. ఎంతసేపో లేదు, ఒక కుండెడు నీళ్లు తోడినంత సేపు. మళ్లీ సన్నని వెలుగు గీతలు మొలిచాయి. కానీ ఈసారి వాటి కొమ్ములు ముందు ఉన్న వైపు కాదు, రెండో వైపు తిరిగి ఉన్నాయి. పొద్దు పడమటికి వాలడం వల్ల కొన్ని నేల వదిలి తూర్పు గోడ ఎక్కాయి.

"అత్తమ్మా, గోడ మీద సూడు. తరిగినయి మల్ల నిండుతున్నయి" అన్నాను.

"గోడను సూసి గ్రహణం జెప్తదట, మిర్యాలగూడెం పంతులమ్మ" అంది అత్తమ్మ. రోకలి మీంచి చూపు తిప్పలేదు.

నేను మాత్రం కన్ను గోడ మీదే ఉంచాను. సగం నిండాయి. ముప్పావు నిండాయి. అక్క పెదవులు ఎండి తెల్లబడ్డాయి. "జర నీళ్లు" అని ఒకసారి అడిగింది, మళ్లీ అడగలేదు. ఆ అడగకపోవడం చూసి నాకు భయమేసింది. మంత్రసాని నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

చివరికి గోడ మీద బిళ్లలన్నీ గుండ్రంగా అయ్యాయి. ఎక్కడా కొరుకుడు లేదు. నేను ఒక్కో బిళ్లనూ వరుసగా చూశాను. రోకలి చూస్తే పాతిన గుంజ లాగా నిలబడే ఉంది.

"అమ్మా, ఇగ పోదమా?" అన్నాడు బావ.

"పడలేదు బిడ్డా."

"ఎప్పుడు పడ్తదే?"

"పడ్డప్పుడే పడ్తది. నా చేతుల ఉందా?"

ఆమె చేతిలో లేదు, నిజమే. అక్క తలను మెల్లగా మంత్రసాని ఒళ్లోకి మార్చాను. తడిగుడ్డ తెచ్చేదానిలాగా లేచి, పళ్లెం పక్క నుంచి నడిచాను. అత్తమ్మ కళ్లు తుడుచుకుంటున్న క్షణం చూసి మడమతో రోకలి అడుగును తన్నాను.

పళ్లెం మోగిన మోతకు అక్క కూడా కళ్లు తెరిచింది. పసుపు నీళ్లు నేలంతా పారాయి.

"పడ్డది అత్తమ్మా" అన్నాను. అబద్ధమేం కాదు. పడింది.

బావ గడియ తీశాడు. బయట ఏటవాలు ఎండ మామూలుగా కాస్తోంది. వీధిలో నరపురుగు లేదు, అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. మేము అక్కను నులక మంచం మీద పడుకోబెట్టి మోసుకుని బయటికి వస్తుంటే, పక్కింటామె కిటికీ రెక్క సందులోంచి పిలిచింది.

"ఓ వదినె, మీది పడ్డదా? మాది ఇంక నిలబడే ఉన్నది."

"మాది పడ్డది" అంది అత్తమ్మ.

"అయితె మీదే నిజం" అంది ఆమె. వెంటనే లోపల వాళ్ల రోకలిని తీసి పక్కన పెట్టిన చప్పుడు వినపడింది. మా రోకలి పేరు పుట్టింది ఆ నిమిషంలోనే.

విజయవాడ రోడ్డు మీద బస్సులు లేవు. గ్రహణానికి భయపడి అన్నీ ఆగిపోయాయి. కోదాడ నుంచి ఊక బస్తాలతో వచ్చిన లారీ ఒకటి పక్కకు ఆపి ఉంది. డ్రైవరు మంచాన్ని చూడగానే వెనక తలుపు దించాడు.

"ఎక్కించండమ్మా, మెత్తగానే ఉంటది, ఊకే కదా" అన్నాడు. దారిలో మా బావతో అంటున్నాడు, "విడిచి చాలాసేపయిందండీ. రేడియోలో చెప్పారుగా. ఇప్పటిదాకా ఇంట్లో ఏం చేస్తున్నారు?"

దవాఖానలో డాక్టరమ్మ కూడా అదే అడిగింది. అత్తమ్మే చెప్పింది, "రోకలి నిలబడ్డదమ్మా, ఎట్లొస్తం?" అని. డాక్టరమ్మ ఆమెను ఒక చూపు చూసి, ఆపరేషన్ గదిలోకి వెళ్లిపోయింది. బిడ్డ బతికింది, అక్క బతికింది. బిడ్డను తెచ్చి చేతిలో పెట్టగానే అత్తమ్మ ముందు చూసింది పెదవి. తరువాతే ఆడపిల్లా మగపిల్లా అని చూసింది.

"మొర్రి పుట్టే రోజు రాదమ్మా. కడుపులో రెండో నెలలోనే పెదవి అతుక్కుంటుంది. అప్పుడు అతుక్కోకపోతేనే అది. గ్రహణానికీ దానికీ ఏం లేదు" అంది డాక్టరమ్మ. అత్తమ్మ తల ఊపింది. వినలేదు. నేను విన్నాను.

ఊరికి వచ్చాక కథ మారిపోయింది. గ్రహణం విడిచీ విడవంగానే మా రోకలి పడిందని, ఊళ్లో ఏ రోకలీ అంత నిక్కచ్చిగా పడలేదని, బిడ్డను కాపాడింది అదేనని అత్తమ్మ చెప్పింది. అందరూ నమ్మారు. రోకలికి పసుపు రాసి బొట్టు పెట్టారు. నిజం చెబుదామని నేను రెండుసార్లు నోరు తెరిచాను. కోడలు రోకలిని కాలితో తన్నిందంటే ఇంట్లో ఏమవుతుందోనని మూసుకున్నాను.

కొన్నాళ్లకు ఒక పున్నమికి చంద్రగ్రహణం వచ్చింది. పైవీధి వాళ్లు మా రోకలిని అడిగి తీసుకెళ్లారు. కడుపుతో ఉన్న తమ కూతురిని తెల్లారేదాకా గుక్కెడు నీళ్లు లేకుండా పడుకోబెట్టారు, రోకలి పడలేదని. ఆ పిల్ల పొద్దున్నే వాకిట్లో కళ్లు తిరిగి పడింది. నీళ్లు చల్లితే లేచింది, ఏమీ కాలేదు. కానీ అది విన్నాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఒక మనిషిని లేపడానికి నేను చేసిన పని ఇంకొక మనిషిని పడుకోబెట్టింది.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పళ్లెం తెచ్చాను. ఆ రోజు అమావాస్య కాదు, పున్నమి కాదు, ఏదో మంగళవారం. పసుపు నీళ్లు కూడా కాదు, ఉత్త బోరింగు నీళ్లు. రోకలిని రెండు చేతులతో పట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలాను. ఐదోసారి నిలిచింది. నేను బియ్యం ఏరి, పొయ్యి వెలిగించి, అన్నం వార్చేదాకా నిలిచే ఉంది. పొన్ను చదునుగా ఉంటే, నేల సాపుగా ఉంటే, పెట్టేవాళ్లకు ఓపిక ఉంటే చాలు. గ్రహణం పూట అందరికీ ఓపిక ఉంటుంది, అంతే తేడా. ఆ రోజే అనుకున్నాను, దీని సంగతి ఎప్పటికైనా తేల్చాలని.

తొంభై అయిదులో దీపావళి తెల్లారి సూర్యగ్రహణం అన్నారు. అక్క బిడ్డ, ఆనాడు దవాఖానలో పుట్టిన పిల్ల, అప్పటికి పదో తరగతి. మిర్యాలగూడలో మా అమ్మగారింట్లో ఉండి చదువుకునేది, పండక్కి వచ్చింది. దీపావళి నాడు పగలే అత్తమ్మను పిలిచి, ఆమె కళ్ల ముందే రోకలి నిలబెట్టాను.

"సూడత్తమ్మా. గ్రహణం రేపు గదా. ఇయ్యాల ఎట్ల నిలబడ్డది?"

అత్తమ్మ దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. "రేపటి గ్రహణం దీనికి ఇయ్యాల్నే ఎరుకైంది. మన రోకలి గసొంటిది" అంది. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. నేను తగ్గిద్దామనుకున్న పేరు ఇంకొంత పెరిగింది.

అక్క బిడ్డ పడీ పడీ నవ్వింది. "నువ్వు అట్ల గాదు చిన్నమ్మా, అసలు గ్రహణం అంటే ఏందో ముందు నువ్వు తెలుసుకో" అని దీపాలు పెట్టే వేళకు నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. ఎదురుగా ప్రమిద, చేతిలో బూందీ లడ్డు.

"దీపం సూర్యుడు. నీ తలకాయ భూమి. లడ్డు చంద్రుడు." లడ్డును నా ముఖం ముందు మెల్లగా జరిపింది. అది నా కంటికీ దీపానికీ నడుమకు రాగానే దీపం మాయమైంది. "గిదే సూర్యగ్రహణం. ఎవ్వరు మింగలే. అడ్డం వచ్చిండు, పోయిండు."

"అమావాస్యకు చంద్రుడే ఉండడు గదనే, అడ్డం ఎట్లొస్తడు?"

"ఉంటడు. సూర్యుని దిక్కే ఉంటడు. వెలుగు పడ్డ ముఖం అటు, చీకటి ముఖం మన దిక్కు. గందుకే కనపడడు."

"ఇంత చంద్రుడు అంత సూర్యుణ్ణి కప్పుతడా?"

"బొటనవేలు కంటి ముందట పెట్టుకో. గా యాపచెట్టు కనపడ్తదా? దగ్గర ఉన్నది చిన్నదైనా దూరం ఉన్నదాన్ని కప్పుతది."

తరువాత నన్ను దీపానికి వీపు పెట్టి కూర్చోమంది. లడ్డును నా ముందు పట్టుకుంటే నా తల నీడ దాని మీద పడింది. అది చంద్రగ్రహణం, పున్నమికే వస్తుంది. అప్పుడు చంద్రుడు ఎర్రగా ఎందుకవుతాడని అడిగితే, పొద్దు గూకేటప్పటి ఎరుపే భూమి అంచుల చుట్టూ ఒంగి వెళ్లి అక్కడ పడుతుందని చెప్పింది. మరి ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదంటే, లడ్డును కొంచెం పైకెత్తి జరిపింది. ఈసారి దీపం కనపడుతూనే ఉంది.

"చంద్రుని తొవ్వ జర వాలి ఉంటది. శానా నెలలు సూర్యునికి పైకెళ్లో కిందికెళ్లో పోతడు. సరిగ్గ నడుమకొస్తేనే గ్రహణం. వచ్చినా లడ్డు నీడ నీ ముక్కు మీదనే పడ్డది సూడు, చెవులకు పడలే. నేను పుట్టిన్నాడు గా నీడ మొన మన మీదికెళ్లి పోయింది. మిర్యాలగూడ, పేట, కోదాడ, అన్నీ దాంట్లనే ఉన్నయి. రేపటి నీడ ఎక్కడ్నో ఉత్తరానికి పోతది. మనకు అంచే. సగానికి జర ఎక్కువ మూస్తడు, గంతే."

అప్పుడు నేను పదిహేనేళ్లుగా దాచుకున్న ప్రశ్న అడిగాను. ఆ రోజు నేల మీది బిళ్లలు ఎందుకు తరిగాయని. పిల్ల లడ్డు కొరుకుతూ ఆలోచించింది. లోపలికి వెళ్లి బూందీ దూసే చిల్లుల గరిటె తెచ్చింది.

"సన్న చిల్లులకెళ్లి ఎండ వస్తే అవతల సూర్యుని బొమ్మే పడ్తది చిన్నమ్మా. చిల్లు ఎట్లున్నా సరే. రోజూ నువ్వు సూసిన బిళ్లలు సూర్యుని బొమ్మలే. ఆయన తరిగితే అవీ తరుగుతయి. రేపు ఎవ్వరు పైకి సూడొద్దు, కండ్లు పోతయి. దీనితోనే సూద్దం."

తెల్లారి పొద్దు లేచీ లేవకముందే పక్కింటామె తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎనిమిదో నెల. "మీ రోకలి ముందలైతె నాకు నిమ్మళం" అని మా ఇంట్లోనే చాప పరిచి పడుకోబెట్టింది. అత్తమ్మ పసుపు నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. తలుపు గడియ వేసింది. నేను వెళ్లి తీశాను.

"ఏందే నీకు పుట్టిన బుద్ధి? కడుపుతోని పిల్ల ఉంది లోపట."

"మూలకు ఉంది. ఎండ ఆడి దాక రాదు. తలుపు మాత్రం తీసే ఉంటది అత్తమ్మా. ఆనాడు ఏసుకున్నది చాలు."

నా గొంతు ఎట్లా ఉందో నాకు తెలియదు, అత్తమ్మ మళ్లీ గడియ జోలికి పోలేదు. మా వాకిలి తూర్పుది. పొద్దుటి ఎండ గడప దాటి లోపలికి పరుచుకుంది. అక్క బిడ్డ సూర్యుడికి వీపు చేసి గడపలో నిలబడి గరిటె పట్టుకుంది. నేల మీద చిన్న చిన్న చుక్కలు, అన్నిటికీ ఒక పక్క కొరుకుడు. చూస్తుండగానే నెలవంకలయ్యాయి. యాభై అరవై ఉంటాయి, అన్నీ ఒకే వైపు తిరిగి.

చాప మీది పిల్ల "అత్తా, నీళ్లు" అంది. పక్కింటామె రోకలిని చూసి, "ఓర్సుకో" అంది.

అత్తమ్మ గడప దగ్గరకు వచ్చి గొంతుక్కూర్చుంది. అరచెయ్యి చాపితే నెలవంకలు చేతిలో పడ్డాయి. గుప్పిట మూసింది, అవి వేళ్ల మీదికి ఎక్కాయి.

"ఆనాడు గోడ మీద గివ్వేనా?"

"గివ్వే. అన్నీ నిండి గుండ్రంగ అయినయి అత్తమ్మా. రోకలి మాత్రం నిలబడే ఉంది."

"మరి ఎట్ల పడ్డది?"

"నా మడిమె తాకి."

"తాకిందా, తాకిచ్చినవా?"

"తాకిచ్చిన."

గడపలో పిల్ల చేతిలో గరిటె కదిలింది. నేల మీద నెలవంకలన్నీ ఒక్కసారి వణికాయి. అత్తమ్మ ఆ పిల్ల ముఖం వైపు చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. ఇన్నాళ్లూ దాచినందుకైనా తిట్టాలి.

"గప్పుడే సూపెడితె అయిపోతుండె గదనే" అంది.

"సూపెట్టిన. పంతులమ్మ అన్నవు."

అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. లోపలికి నడిచి పళ్లెం ముందు నిలబడింది. రోకలి తల మీద ఒక్క వేలు పెట్టి నెట్టింది. పళ్లెం మోగింది, పసుపు నీళ్లు ఆమె పాదాల మీదికి వచ్చాయి.

పక్కింటామె అదిరిపడి లేచింది. "గదేంది వదినె, గ్రహణం ఇంక ఉన్నది గద, నేల మీద కనపడ్తనే ఉన్నది."

"మాది పడ్డది" అంది అత్తమ్మ. "నీ కోడలికి నీళ్లియ్యి."

నేనే చెంబు ముంచి ఇచ్చాను. ఆ పిల్ల లేచి కూర్చుని, అందరి ముఖాలూ చూసి, ఆపకుండా తాగి ఇంకొక చెంబు అడిగింది. గడపలో నెలవంకలు అప్పటికింకా సగం కూడా నిండలేదు.